రాజు, మంత్రి, ఒకటి

ఒకానొక రాజ్యంలో గజభూపతి అనే రాజుండేవాడు. రాజ్యం జానెడు, మీసం మూరెడు! ఎదుటివాడి మొహం చూస్తే చాలు, మనసు చదివేస్తానని ఆయనగారి గొప్ప. గంజిఫా పేకలో ఆయన్ని ఓడించినవాడు లేడు మరి.

ఒకనాడు ఆయన ఏనుగుశాల కట్టడానికి కోనప్ప అనే రైతు తమలపాకుల తోట కావాలన్నాడు. వాడి ఇంటిల్లిపాదికీ ఆ తోటే కూడు.

"పేకలో గెలిచి తీసుకోండి ప్రభూ!" అనేశాడు. మంత్రిగారితో సహా సభంతా గొల్లున నవ్వింది.

ఆట తేలికే. పన్నెండు ముక్కలు: ఒకటి నుంచి పది దాకా అంకెలు, వాటిపైన మంత్రి, అందరిపైనా రాజు. చెరొక ముక్క తీస్తారు. పెద్ద ముక్కకి ఒక చింతగింజ. సవాలు విసిరినవాడు తన ముక్క చూసుకుని "హెచ్చు!" అని అరిస్తే పందెం మూడు గింజలు. ఎదుటివాడు "విప్పు!" అనాలి, జంకితే ఒక గింజ ఇచ్చుకోవాలి. గింజలన్నీ పోతే ఓటమి.

"హెచ్చు!" అన్నాడు కోనప్ప. రాజు వాడి కళ్లలోకి గుచ్చి చూశాడు. రెప్ప కదలదే!

"దొంగ అరుపు! విప్పు!"

విప్పితే మంత్రి! మళ్లీ "హెచ్చు!" ఈసారి రాజు జంకి గింజ ఇచ్చుకున్నాడు. కోనప్ప ముక్క తిప్పి చూపించాడు. ఒకటి!

"ఓరి నీ దుంప తెగ!" రాజుకి పూనకం వచ్చింది. అక్కణ్ణించి ప్రతి అరుపుకీ విప్పు, విప్పు! ఎప్పుడో ఒకసారి ఒకటి దొరికేది, ఎక్కువసార్లు రాజో మంత్రో ఎదురయ్యేది. చూస్తుండగానే రాజు దగ్గర మూడంటే మూడే గింజలు మిగిలాయి.

"హెచ్చు!"

రాజు చేతిలో పది. ఈ ముక్క గెలిస్తే కోనప్పకి తోట దక్కినట్టే. "విప్పరా!" అన్నాడు రాజు.

కోనప్ప చేతిలో రాజు ముక్క! జనం చప్పట్లతో కప్పు లేచిపోయింది.

"ఒరే, అబద్ధమాడినా నీ మొహం చెదరదేం?"

"అబద్ధమెక్కడిది ప్రభూ? రాజొచ్చినా, మంత్రొచ్చినా, ఒకటొచ్చినా అరవాలని ముందే ఒట్టు పెట్టుకున్నాను. మిగతావాటికి నోరు మెదపను. అరిచానంటే ఆ మూడింట్లో ఏదో ఒకటి. తమరేమో నా మొహంలో ఒక్క ముక్క కోసం వెతికారు."

"సరే, రాజు, మంత్రి పక్కన ఆ ఒకటిగాడెందుకురా?"

"వాడు కూడా అరవకపోతే రాజుగారి కేక ఎవరికి కావాలి మహాప్రభో! వినగానే అందరూ తప్పుకుంటారు. వాడి పుణ్యమే రాజుగారికి గిట్టుబాటు!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. చేతి కడియం తీసి కోనప్పకి తొడిగాడు.

"తోట నీదేరా! ఏనుగుశాల మా మంత్రిగారి పెరట్లో కడతాం."

మంత్రిగారు కెవ్వుమన్నారు. అది దొంగ అరుపు కాదని తెలుసుకోవడానికి రాజుగారు ఆయన మొహం చూడనక్కర్లేకపోయింది.