వట్టి తూటా

గెడ్డ ఒడ్డున ఉండే స్వామివారికి వాదించే అలవాటు లేదు. ఎవరేమడిగినా, ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకొనేవారు.

ఒకనాడు అనంతశయనం అనే శిష్యుడు, "స్వామీ, మీదికి రాని కష్టానికి ముందే బెదిరిపోతున్నాను. ఇప్పటికి రెండుసార్లు మంత్రం మార్చుకున్నాను. ఇంకొకటి ఉపదేశించండి" అని వేడుకొన్నాడు.

స్వామివారు జగ్గుదొర అనే వేటగాడి సంగతి ఎత్తుకున్నారు.

మన్యంలో ఒక పులి ఇద్దరిని పొట్టనబెట్టుకుంది. జమీవారు జగ్గుదొరను పిలిచి, ఏనుగులను కొట్టే పెద్ద తుపాకీ చేతికిచ్చారు. అంతవరకు అతనికి తెలిసింది నాటు తుపాకీ ఒక్కటే. గట్టు మీద గుమ్మడికాయ పెట్టి కాల్చి చూశాడు. తూటా జానెడు కిందికి పోయింది. తుపాకీ తన్నుడుకు భుజం కమిలింది. తప్పు గొట్టం కొసనుండే గురిముల్లుదే, అది పొట్టిదైతే తూటా మీదికి పోతుంది అనుకొని ఆకురాయితో అరగదీశాడు. అయినా తూటాలు మట్టిలోకే పోయాయి. ఇంకా అరగదీశాడు.

చివరకు తుపాకులు బాగుచేసే దస్తగిరి సాయిబు దగ్గరకు వెళ్లాడు. ముసలాయన ముందు తుపాకీ వెనుక కొయ్యను దొర చేతికి సరిపోయేలా కోశాడు. ఆపైన తానే తూటా వేసి అందిస్తూ కాల్పించాడు. మూడోసారి దొరకు చెప్పకుండా, అంతకుముందే పేలిపోయిన వట్టి తూటా వేశాడు. దొర మీట నొక్కాడు. టిక్కుమంది, అంతే. కానీ గొట్టం కొస దిగ్గున కిందికి వంగింది. దొర కళ్లు మూసుకుపోయి ఉన్నాయి.

"తుపాకీ తన్నలేదు కదా దొరా, మరి కదిలిందెవరు?" అన్నాడు సాయిబు.

జగ్గుదొర నేల మీద చతికిలబడ్డాడు. ఒకప్పుడు ఎలుగుబంటితో కలబడిన మనిషి ఆ పూట తలెత్తలేదు. మరునాటి నుంచి ఇరవై రోజులు, ఏది నిండుదో ఏది వట్టిదో తెలియకుండానే సాయిబు అందించినవన్నీ కాల్చాడు. గొట్టం నిలిచింది. అప్పుడు తూటాలు గుమ్మడికాయ మీదుగా పోసాగాయి. సాయిబు నవ్వుకుంటూ అరిగిన ముల్లు తీసి కొత్తది బిగించాడు. ఆ వారంలోనే వాగు దాటుతున్న పులి ఒక్క దెబ్బకు పడిపోయింది.

అంతా విని అనంతశయనం, "అయితే తుపాకీ అంటే ఆయనకు భయం పోయిందన్నమాట" అన్నాడు.

"పోయిందని ఎవరన్నారు నాయనా? అది తన్నుతూనే ఉంది, భుజం కములుతూనే ఉంది" అన్నారు స్వామివారు. "కాకపోతే, తన్నిన తరువాతే నొచ్చేది."