మెత్తమొన తూటా

దిగంబర్‌రావు గురి తప్పలేదు. తప్పి ఉంటే అంత బాధ ఉండేది కాదు.

పొద్దు గుంకే వేళ జొన్నచేను గట్టు మీద అడవిపంది అతని వైపే ఏటవాలుగా మొహం పెట్టి నిలబడింది. మందను వదిలి ఒంటరిగా తిరిగే ముదురు మగపంది, ఏకలం. తూటా దాని భుజానికి తగిలింది. తగిలిన చప్పుడు కూడా వినిపించింది. పంది ముందుకాళ్ళ మీద కూలబడి, లేచి, కుంటుకుంటూ వాగొడ్డు పొదల్లోకి వెళ్ళిపోయింది.

"తూటా మోసం చేసింది, ఉస్తాద్," అన్నాడు దిగంబర్.

ఉస్తాద్ ఖైరుద్దీన్ పంది దూరిన పొదల వైపే చూస్తున్నాడు. జాగీర్దార్ల కొలువులో షికారీగా తల పండిన మనిషి ఆయన. కడెం వాగు చుట్టుపక్కల ఏ ఊళ్ళో పందులు పంట మీద పడినా ఆయనకే కబురు వచ్చేది. దేశ్‌ముఖ్ గారి రెండో కొడుకైన దిగంబర్ ఆ ఏడే ఆయన దగ్గర శిష్యుడిగా చేరాడు. చేరుతూనే హైదరాబాదు నుంచి కొత్త రైఫిల్, మెత్తమొన తూటాలు తెప్పించుకున్నాడు. వాటి కొసన సీసం బయటికే ఉంటుంది. తగలగానే లోపల విచ్చుకుంటుంది. తడి మట్టిగోడలోకి కాల్చి, తవ్వి తీసి చూసుకున్నాడు కూడా. ప్రతి తూటా పుట్టగొడుగులా విచ్చుకుంది.

"ఇది ఎక్కడ తాకినా చాలు, ఉస్తాద్. మిగతా పని అదే చూసుకుంటది," అని ఆ రోజు గొప్పగా చూపించాడు.

ఉస్తాద్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మట్టికి ఎముకలుండయి, బేటా," అని తిరిగి ఇచ్చేశాడు. ముసలితనపు సణుగుడు అనుకున్నాడు దిగంబర్.

తుపాకి మోత విని చేను యజమానురాలు పోశవ్వ పరుగున వచ్చింది. "పడ్డదా, చిన్నదొరా?"

"పడలే, పోశవ్వా. గాయమైంది," అన్నాడు ఉస్తాద్. "మేం చెప్పేదాంక ఎవ్వరూ చేన్ల అడుగు పెట్టొద్దు."

పోశవ్వ మొహం వాడిపోయింది. మర్నాడు పొద్దున కోతకు కూలోళ్ళను పిలుచుకుంది. ఆమె దిగంబర్ వైపు ఒక్కసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

అప్పటికప్పుడే పొదల్లోకి పోదామన్నాడు. ఉస్తాద్ కదల్లేదు. "గాయపడ్డదాన్ని మసక చీకట్ల మనం ఎతికితే, అది మనల్ని ఎతుకుతది."

తెల్లవారి బయల్దేరేటప్పుడు ఉస్తాద్ తన పాత తుపాకి అతని చేతికిచ్చి, అతని రైఫిల్ తాను తీసుకున్నాడు.

గడ్డి మీద నెత్తురు. అందులో తెల్లగా చిన్న ఎముక ముక్క. ఉస్తాద్ వంగి, పుల్లతో కదిపి చూశాడు. "నురుగు లేదు. ఊపిరితిత్తికి అందలే."

ఇంకొంచెం దూరం పోయాక వాగు బురదలో పంది పడుకున్న ఆనవాలు కనిపించింది. మంట ఆగక భుజాన్ని బురదకు అదుముకుంది. లేచి, నాలుగు అడుగులు పోయి, మళ్ళీ పడుకుంది. మళ్ళీ అదిమింది. ఒడ్డు పొడుగునా అవే గుంటలు. దిగంబర్ అక్కడే ఆగిపోయాడు. రాత్రంతా తాను మంచం మీద పొర్లుతూ, తూటాలమ్మిన దుకాణదారుణ్ణి తిట్టుకున్నాడు. ఆ రాత్రంతా ఇది ఇక్కడ ఉంది.

పరికి పొదలోంచి పంది గుర్రుమంటూ వాళ్ళ మీదికి వచ్చింది. ఉస్తాద్ కాల్చలేదు. నిబ్బరంగా పక్కకు జరిగాడు. మూడు కాళ్ళ మీద ఉరికే పంది తమాయించుకోలేక ఆయనను దాటి, అడ్డంగా తిరిగింది. అప్పుడు కాల్చాడు. పంది కొద్ది దూరం పరుగెత్తి, ఒరిగి, ఇక కదల్లేదు.

"చూసిన్రా, ఉస్తాద్? నా తూటాలు దేనికీ పనికిరావు. అదే మీ తూటా అయితే..."

దిగంబర్ మాట మధ్యలో ఆగిపోయింది. ఉస్తాద్ చేతిలో ఉన్నది తన రైఫిల్. పేలింది తన తూటా.

ఉస్తాద్ నడుము నుంచి కత్తి తీసి అతనికి అందించాడు. "నేను దాన్ని ముట్టుకోను. నువ్వు కొయ్యి. ముందు నువ్వు కొట్టిన కాడ."

దిగంబర్ భుజం మీది తోలు కోశాడు. దాని కింద చెప్పు అట్టలాంటి గట్టి పొర.

"చెయ్యి పెట్టు."

చెయ్యి మణికట్టు దాకా కూడా పోలేదు. నుజ్జయిన ఎముక, దాని చుట్టూ చిట్లిన సీసం ముక్కలు. వేళ్ళకు గుచ్చుకున్నాయి. తూటా అక్కడే పొడి పొడి అయిపోయింది. దాని వెనక ఏ గాయమూ లేదు.

"ఇప్పుడు నేను కొట్టిన కాడ."

భుజం వెనక, పక్కటెముకల సందున పెట్టిన చెయ్యి మోచేతి దాకా దిగింది. అవతలి వైపు తోలు కింద ఏదో గట్టిగా తగిలింది. కోస్తే అరచేతిలో పడింది. చక్కగా విచ్చుకున్న మెత్తమొన తూటా.

దిగంబర్ భుజంలోంచి ఒక సీసం ముక్క తీసి దాని పక్కన పెట్టి చూశాడు.

"తూటాకు కండ్లు లేవు, బేటా," అని ఉస్తాద్ వాగు వైపు నడిచాడు.

కొన్నాళ్ళకు, ఇంకా కోయని మెట్ట చెలక వైపు మరో పంది దిగింది. పోశవ్వ మంచె కింద ముగ్గురూ కూర్చుని ఉన్నారు. వెలుతురు బాగుంది. పంది దగ్గరగా, దిగంబర్‌కు ఎదురుగా నిలబడి కంకి నములుతోంది. అతను రైఫిల్ ఎత్తి ఆగాడు. పంది పక్కకు తిరగలేదు. అతని వేలు తుపాకి మీట మీదికి పోలేదు. నమలడం అయ్యాక పంది గిరుక్కున తిరిగి వచ్చిన దారినే పొదల్లోకి వెళ్ళిపోయింది. దిగంబర్ నింపాదిగా రైఫిల్ దించాడు.

"అంత దగ్గర నిలవడ్డది గద, చిన్నదొరా. ఎందుకు కొట్టకపోతివి?" అంది పోశవ్వ.

"అడ్డం తిరగలే, అవ్వా."

"రేపు మళ్ళొస్తది. నా జొన్నలు తింటది."

"రానీ. నేను గూడ వస్త."

ఆ మాటలో బింకం లేదు, సంజాయిషీ లేదు. పోశవ్వకు మాత్రం నమ్మకం చిక్కలేదు. ఉస్తాద్ వైపు తిరిగింది.

"రేపన్న కొడుతడా, ఉస్తాదూ?"

"ఎప్పుడు కొట్టొద్దో ఎరికైంది, పోశవ్వా," అన్నాడు ఉస్తాద్. "ఇగ కొడుతడు."