కాగితాన్ని పట్టి ఉంచేది

కాగితం మూల పట్టుకుని ఎత్తగానే ఆ మూల రుఖియా చేతిలోకి వచ్చేసింది.

చిరగలేదు. చిరిగి ఉంటే చప్పుడయ్యేది. దూదిపింజలా మెత్తగా విడిపోయింది. ఇంకో కాగితాన్ని తాకి చూసింది. అదీ అంతే. గుడ్డల మీద వరసగా పరిచిన పన్నెండూ అంతే. చూడటానికి తెల్లగా, పొంగినట్టు ముచ్చటగా ఉన్నాయి. వేలు ఆనితే నిలవడం లేదు.

తొట్టి దగ్గర నుంచి బాలమణి చూస్తూనే ఉంది. ఇరవై ఏళ్లుగా అక్కడ గుజ్జు ఎత్తే మనిషి. ఆమె కళ్ల ముందే ఇలా కావడం రుఖియాకు ఎక్కువ కష్టమనిపించింది.

ఆ రేకుల షెడ్డు యాసీన్ ఉస్తాద్‌ది. కొండ మీద దర్గా, కింద వాగు, మధ్యలో షెడ్డు. పాత నూలుగుడ్డలు నానబెట్టి, దంచి, గుజ్జు చేసి, చేత్తో కాగితం తీస్తారక్కడ. ఉస్తాద్ గురువారాలు దర్గాలో దైవనామాన్ని స్మరించే జిక్ర్ చేయించేవాడు. మనసు బాగాలేదని వచ్చినవాళ్లకు కూడా ముందు గుడ్డలు దంచే పనే చెప్పేవాడు. సగం మంది దంచి వెళ్లిపోయేవాళ్లు. రుఖియా వెళ్లలేదు. ఐదేళ్లు పట్నంలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి, ఒక గురువారం ఏదో అడగడానికి వచ్చి, ఆ అడగాల్సింది మరిచిపోయి రెండేళ్లుగా దంచుతూనే ఉంది.

ఆ వారం పని మామూలు పని కాదు. పక్క ఊరి మసీదులో చేత్తో రాసిన పాత ఖురాన్ ఉంది. చెదలు అంచులు తినేశాయి. అతుకులకు పన్నెండు కాగితాలు కావాలి. శుక్రవారం పుస్తకాలకు జిల్దు కట్టే పెద్దాయన వస్తాడు. మర్నాడే ఆయనకు హజ్ ప్రయాణం. అప్పటికి కాగితం లేకపోతే ఖురాన్ అలాగే పెట్టెలో ఉండిపోతుంది.

వాన మాత్రం ఐదు రోజులుగా వదల్లేదు. ఉస్తాద్ కంటి ఆపరేషన్‌కని కర్నూలు వెళ్తూ, "నువ్వు చూసుకో బిడ్డా" అని రుఖియాకు అప్పజెప్పి పోయాడు.

ఆమె చూసుకుంది. గుజ్జు నుంచి ఎత్తిన తడికాగితాలు ఈ ముసురుకి వారమైనా ఆరవు. అసిటోన్ అయితే? అది నీళ్లలో ఇట్టే కలుస్తుంది, గాలి తగిలితే ఇట్టే ఎగిరిపోతుంది. నీటిని అసిటోన్‌తో కడిగేస్తే కాగితం గంటలో ఆరిపోతుంది. పట్నం నుంచి పెద్ద సీసాల్లో తెప్పించింది. నిప్పంటుకుంటుందని షెడ్డులో పొయ్యి వెలిగించనివ్వలేదు. తలుపులన్నీ తీయించి, ఒక్కో కాగితాన్నీ మూడుసార్లు ముంచి తీసింది.

"ప్రెస్సులో పెట్టకుండనే?" అంది బాలమణి అప్పుడు.

"వత్తేది నీళ్లు పోవడానికేగా అక్కా. నీళ్లే లేనప్పుడు వత్తడం దేనికి?"

నలభై ఏళ్లుగా ఉస్తాద్ ఎండ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు, ఒక్కరైనా ఆలోచించలేదు అని కూడా అంది. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేసింది.

బుధవారం మధ్యాహ్నం ఉస్తాద్ ఆటో దిగాడు. కళ్లకు నల్లద్దాలు. బాలమణి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

రుఖియా ఏదీ దాచలేదు. తను చేసింది, అన్నది, అన్నీ చెప్పింది. చెప్పి తల దించుకుని నిలబడింది.

ఉస్తాద్ కాగితం మీద వేలు పెట్టాడు. రెండు వేళ్లతో చిటికెడు తీసి నలిపాడు. కనుబొమలు పైకి లేచాయి.

"ఇట్లాంటిది నేనెన్నడూ చెయ్యలే" అన్నాడు. గొంతులో కోపం లేదు. కొత్త కాయ ఏదో చేతికి దొరికినవాడిలా ఉన్నాడు. "గుజ్జు అదే గదా?"

"అదే ఉస్తాద్."

"గుజ్జులో జిగురు మనం ఎన్నడూ కలపం. మరి మంచి కాగితాన్ని పట్టి ఉంచేదేంది? నీ చదువులో దానికి పేరుందా?"

"ఉంది. హైడ్రోజన్ బంధం."

"ఎప్పుడు కుదురుతది అది?"

తరగతిలో వందసార్లు చెప్పిన మాటే. "హైడ్రోజన్ ఉండాలి. అది ఉత్తినే ఉంటే కాదు, ఆక్సిజన్‌కో నైట్రోజన్‌కో ఫ్లోరిన్‌కో అతుక్కుని ఉండాలి. అవి ఎలక్ట్రాన్లను తమవైపు గుంజుకుంటాయి, హైడ్రోజన్‌కు లోటు పడుతుంది. అవతల ఇంకో అణువులో అలాంటిదే ఒక ఆక్సిజన్ ఉందనుకోండి, దాని దగ్గర ఎవరితోనూ పంచుకోని ఎలక్ట్రాన్ల జంట ఉంటుంది. లోటున్న హైడ్రోజన్ దానివైపు మొగ్గుతుంది. అదే బంధం. నూలుపోగుల నిండా ఇవి రెండూ ఉన్నాయి."

ఉస్తాద్ బాలమణితో పైన గంజి పూయని పాత కాగితం ఒకటి తెమ్మని, దాన్ని మూడు పట్టీలుగా చింపించాడు. ఒకటి నీళ్లలో వేయించాడు. ఒకటి లాంతరు కిరసనాయిల్లో. మూడోది రుఖియా చేతికిచ్చి, "ఇది నీ సీసాలో" అన్నాడు.

కాసేపాగి మూడూ తీసి లాగి చూడమన్నాడు.

నీళ్లలోది చేతికి రాకముందే విడిపోయింది. కిరసనాయిల్లోది ఎంత లాగినా తెగనంది. అసిటోన్‌లోది కూడా గట్టిగానే ఉంది.

"ఎందుకట్ల?"

రుఖియా పట్టీల వంక చూస్తూ, తనకు తానే చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది. "నీళ్లకు ఇచ్చే హైడ్రోజనూ ఉంది, తీసుకునే ఆక్సిజనూ ఉంది. పోగుల మధ్యకు దూరి రెండు వైపులా తనే పట్టుకుంది. పోగులు ఒకదాన్నొకటి వదిలేశాయి. కిరసనాయిలు నిండా హైడ్రోజనే, కానీ అంతా కార్బన్‌కు అతుక్కున్నదే. కార్బన్ గుంజదు. కాబట్టి దానికి ఇవ్వడానికీ లేదు, తీసుకోవడానికీ లేదు. పోగులను కదిలించలేకపోయింది. అసిటోన్..." ఆగింది. "దానికి ఆక్సిజన్ ఉంది, తీసుకోగలదు. హైడ్రోజన్లు ఆరున్నాయి, ఆరూ కార్బన్ దగ్గరే. ఇవ్వడం దాని వల్ల కాదు, పోగులను విడదీయడమూ కాదు. అందుకే తనలో తాను పట్టుకోలేక అలా ఎగిరిపోతుంది. నీళ్లు ఇస్తాయి కాబట్టే నీళ్లలో కలుస్తుంది."

చెబుతూ చెబుతూ ఆమె ముఖం వెలిగింది. ఎన్నేళ్లు పాఠంగా చెప్పింది, ఒక్కనాడూ చేత్తో పట్టుకోలేదు.

"మంచిది" అన్నాడు ఉస్తాద్. "నీ పన్నెండు కాగితాల్లో ఇప్పుడు నీళ్లున్నయా?"

"లేవు."

"నీ సీసాది?"

"అదీ ఎగిరిపోయింది. మధ్యలో ఏమీ లేదు."

"ఇచ్చేది పోగుల్లో ఉంది. తీసుకునేది ఉంది. అడ్డం ఎవరూ లేరు." ఉస్తాద్ నిజంగానే అడుగుతున్నాడు. "మరి ఎందుకు పట్టుకుంటలేవు?"

రుఖియా పొంగిన కాగితాన్ని మళ్లీ తాకి చూసింది. ఆమె చెప్పిన నియమం మొత్తం ఆ కాగితాల్లో ఉంది. బంధం ఒక్కటే లేదు.

ఉస్తాద్ తొట్టి వైపు తడుముకుంటూ నడిచాడు. చెంబుతో నీళ్లు తెచ్చి, చెడిపోయిన ఒక కాగితం మీద సగం వరకే చిలకరించాడు. తడిసిన సగాన్ని రెండు కంబళి ముక్కల మధ్య పెట్టించి, దాని మీద బండ ఎత్తించాడు. మిగతా సగం బండ బయటే పొంగి పడి ఉంది.

"రేపు చూద్దం" అని కొండ మీదికి వెళ్లిపోయాడు.

మర్నాడు వాన తగ్గలేదుగానీ గాలి వీచింది. పొద్దున్నే రుఖియా బండ తీసి, ఆ కాగితాన్ని చూరు కింద గాలికి పరిచింది. మధ్యాహ్నం దాకా దాని పక్కనే కూర్చుంది. బాలమణి అన్నం తెచ్చిపెడితే తినడం మరిచిపోయింది.

రెండేళ్లు దంచిందేగానీ, కాగితం ఆరుతుంటే కూర్చుని చూడటం ఆమెకు అదే మొదటిసారి. తడిసిన సగం మెల్లమెల్లగా పలచబడింది. పొంగు దిగింది. ఎవరూ వత్తడం లేదు, బండ ఎప్పుడో తీసేశారు. అయినా అది ఇంకా ఇంకా బిగుసుకుంటోంది. లోపల్నుంచి ఎవరో గుంజుతున్నట్టుగా అంచు ముడుచుకుంది.

గోటితో మీటింది. టక్కుమంది. పక్క సగాన్ని మీటితే వేలికి పీచు అంటింది.

ఒకే కాగితం. ఒకే గుజ్జు.

పుస్తకంలో ఒక అంకె ఉండేది. ఏటా బోర్డు మీద రాసేది, పరీక్షలో ఎప్పుడూ రాలేదని పిల్లలతో కొట్టేయించేది. రెండూ ఎంత దగ్గరుంటే బంధం కుదురుతుందో చెప్పే అంకె. వెంట్రుక మందాన్ని రెండు మూడు లక్షల పొరలు చేస్తే అందులో ఒక పొరంత దూరం. అంతకు మించితే ఇచ్చేవాడున్నా లేనట్టే, తీసుకునేవాడున్నా లేనట్టే.

ఆమె లేచి మిగతా పదకొండు కాగితాల మీదా నీళ్లు చిలకరించింది. పన్నెండోదాని పొడి సగం మీద కూడా. బాలమణి అడగకుండానే వచ్చి కంబళ్లు పరిచింది. ఇద్దరూ కలిసి ప్రెస్సు బిగించారు. సాయంత్రానికి తీసి గోడకు అంటించారు, గాలి రాత్రంతా వీచింది.

శుక్రవారం జుమా నమాజు అయ్యాక జిల్దు పెద్దాయన వచ్చాడు. కాగితాలను ఒక్కొక్కటిగా చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూశాడు. పన్నెండూ పలికాయి. గుడ్డలో చుట్టుకుని, దువా చేసి వెళ్లిపోయాడు.

షెడ్డు ఖాళీ అయింది. ఉస్తాద్ గుమ్మంలో కూర్చుని వాగు చప్పుడు వింటున్నాడు. రుఖియా వచ్చి పక్కన కూర్చుంది.

"ఉస్తాద్, ఒక్కటి అర్థం కాలేదు. పోగులను విడదీసిందీ నీళ్లే. కలిపిందీ నీళ్లే. చివరికి నీళ్లూ లేవు, అసిటోనూ లేదు. రెండూ వెళ్లిపోయినవే కదా. మరి తేడా ఎక్కడ?"

ఉస్తాద్ నల్లద్దాలు తీసి, తడి కళ్లు తుడుచుకుని ఆమె వైపు తిరిగాడు.

"నీ సీసాది ఉత్తగనే పోయింది బిడ్డా. నీళ్లు వాటిని దగ్గర చేసి పోయినయ్."