రేగుపొదలో చిన్న వల

అనగనగా ఒక అడవి ఉండేది. అందులో ఆకుల కంటే సాలీడు దారాలే ఎక్కువ.

పిల్లలూ, అవి మాటలు మోసే దారాలు. కొండ మీది పెద్ద సాలీళ్ళు అడవి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వల అల్లాయి. దాన్ని పెద్దవల అనేవారు. ఏ పిట్టయినా, ఏ జంతువయినా దారం నోట పట్టుకుని మాట్లాడితే చాలు, అడవంతా వినిపించేది. నచ్చినవాళ్ళు దారాన్ని ఒక ఊపు ఊపేవారు. వల ఊగినప్పుడల్లా దాని మెరుపు చూసి ఈగలు వచ్చి పడేవి. అందుకే సాలీళ్ళు పొద్దస్తమానం "ఊపండి, ఊపండి" అనేవి. ఊపేది అందరూ, కడుపు నిండేది సాలీళ్ళకి.

వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మకి గరికయ్య అనే గిజిగాడు గూడు అల్లుతున్నాడు. గిజిగాళ్ళకి ఒక ఆచారం ఉంది. గూడు సగం అయ్యాక వాగులోని బంకమట్టి తెచ్చి లోపల రెండు పక్కలా మెత్తాలి. ఆ బరువుకి గూడు గాలిలో కుదురుగా నిలుస్తుంది. గరికయ్య ఒక పక్క మెత్తాడు. ముక్కు కడుక్కుని, సరదాగా పెద్దవల దారం పట్టుకున్నాడు.

"నా గూడు చూశారా, ఎంత బాగా కుదిరిందో" అన్నాడు.

దారం జలజలా ఊగింది. గరికయ్య ఒళ్ళు పులకరించింది. రెండో పక్క మట్టి సంగతి ఆ ఊపులోనే కొట్టుకుపోయింది.

మర్నాడు ఇంకాస్త పెద్ద ఊపు కావాలనిపించింది.

"గువ్వ నూకాలు గూడు చూశారా? నాలుగు పుల్లలు పారబోసి, రండి మా ఇంటికి అంటోంది" అన్నాడు.

అడవంతా పడీపడీ నవ్వింది. వల తెగుతుందేమో అన్నంతగా ఊగింది. నూకాలు మాత్రం ఆ రోజు నుంచి పెద్దవల ముట్టుకోలేదు.

ఇలా ఉండగా గరికయ్య భార్య జొన్నమ్మ మూడు గుడ్లు పెట్టింది. వానగాలుల కాలం దగ్గరపడింది.

"ఏమయ్యా, చిన్న గాలికే గుడ్లన్నీ ఒక మూలకి దొర్లుతున్నాయి. పెద్ద గాలి వస్తే ఒక్కటీ దక్కదు" అంది జొన్నమ్మ.

"కంగారు పడకే. అడవంతా మనవాళ్ళే. అడిగొస్తాను" అన్నాడు గరికయ్య.

వెళ్ళి దారం పట్టుకున్నాడు. "నా గూడు ఊగిపోతోంది. లోపల గుడ్లున్నాయి. ఏం చెయ్యమంటారు?"

దారం ఊగింది. బాగా ఊగింది. ఊగడమే గాని మాట లేదు.

కాసేపటికి కోతి, "పిల్లలకి వేరే ఉయ్యాల అక్కర్లేదన్నమాట" అంది. నక్క, "ఈ కాలం పిట్టలకి ఒళ్ళు వంగదు" అని మొదలుపెట్టి చాలాసేపు చెప్పింది. నెమలి, "అది సరే, నా పురి చూశారా" అంది.

గరికయ్య దారం వదిలేసి, దగ్గరలోని రేగుపొద మీద వాలాడు. "ఇంతమంది ఉండి ఏం లాభం" అని గొణుక్కున్నాడు.

"నా పొద మీద కూర్చుని ఏడ్చేది ఎవరయ్యా?" అని కింద నుంచి ఒక గొంతు వినిపించింది. అది నూలవ్వ అనే ముసలి సాలీడు. దాని వల ఆ పొద దాటదు.

"ఇంత చిన్న వలా?" అన్నాడు గరికయ్య.

"నలుగురికి నలుగురి మాట వినపడేంత. ఇక్కడ ఊపులు లేవు. విన్నవాళ్ళు ‘విన్నాను’ అనాలి. సలహా చెప్పే ముందు ఒక ప్రశ్న అడగాలి. కావాలంటే దారం పట్టుకో. ఒకటి చెబుతున్నా, ముక్కు ఒకటే. ఈ దారం పట్టాలంటే ఆ దారం వదలాలి."

అప్పుడే పెద్దవల మీద కేకలు మొదలయ్యాయి. "గరికయ్యా, ఆ గువ్వ మాట మళ్ళీ చెప్పవయ్యా. ఊపడానికి అందరం కాచుకున్నాం."

గరికయ్య అటు చూశాడు. ఇటు చూశాడు. పడమట మబ్బు నల్లబడుతోంది. రేగుపొద దారమే పట్టుకున్నాడు.

"నా గూడు ఊగుతోంది. గుడ్లున్నాయి" అన్నాడు మెల్లగా.

"విన్నాను" అన్నాడు పొద కింద బొరియలో ఉండే ముళ్ళపంది గునపయ్య.

"విన్నాను. ఏ పక్కకి ఒరుగుతోంది?" అంది ఇంకో గొంతు.

ఆ గొంతు నూకాలుది.

"నూకాలమ్మా, ఆ రోజు నేను..."

"అది తరవాత తీరిగ్గా తిడతాలే. గుడ్లు ఆగవు. ఏ పక్కకి?"

ఆ మాట అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అతనూ ఆలోచించలేదు. "ఎడమ పక్కకి. మట్టి ఆ పక్కే మెత్తాను. రెండో పక్క మరిచిపోయాను" అన్నాడు.

"వాగు ఒడ్డు ఎండిపోయింది, నీ ముక్కుకి లొంగదు. నేను తవ్వుతాను పద" అన్నాడు గునపయ్య.

గునపయ్య బంకమట్టి తవ్వి తీశాడు. నూకాలు దాన్ని ముద్దలు ముద్దలుగా కొమ్మ దాకా మోసింది. గరికయ్య లోపల దూరి కుడి పక్క మెత్తాడు. చివరి ముద్ద అంటించేసరికి గాలి విరుచుకుపడింది. తుమ్మకొమ్మ వంగి నీళ్ళని తాకి లేచింది. గూడు కొమ్మతో పాటు కదిలింది గాని ఒరగలేదు. జొన్నమ్మ రెక్కల కింద మూడు గుడ్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

గాలి తగ్గాక గరికయ్య పెద్దవల దగ్గరికి ఒక్కసారి వెళ్ళాడు. అందరి ముందూ అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలి కదా.

"నూకాలు గూడుని వెక్కిరించడం నా తప్పు" అన్నాడు.

ఒక్క ఊపూ రాలేదు. అతనికి దాని అవసరమూ లేదు. దారం వదిలేసి వచ్చేశాడు.

గుడ్లు పిగిలిన ఉదయం రేగుపొద దారం పట్టుకుని, "పిల్లలు బయటికొచ్చాయి" అన్నాడు.

"విన్నాను" అన్నాడు గునపయ్య.

"విన్నాను" అంది నూలవ్వ.

"విన్నాను. ముందు నోరు తెరిచింది ఏదయ్యా?" అంది నూకాలు.

గరికయ్య కొమ్మ మీద సర్దుకుని కూర్చున్నాడు. అది చెప్పడానికే పూట పట్టింది. ఎవరూ దారం వదల్లేదు.

నీతి: మన మాటకి ఊగే వెయ్యిమంది కంటే, విని ఒక్క ప్రశ్న అడిగే ఇద్దరు మేలు.