మింగిన గింజ

ఆ రాజ్యంలో కుసుమ విత్తనాన్ని నాలుకతో పరీక్షించేవారు. చేల మీదికి ఎగబడే ముళ్ల కలుపు ఒకటుంది, ఊదారంగు పువ్వు పూసేది. దాని గింజ తల మీద తెల్లటి నూగు. ఆ నూగు రాలిపోయిందంటే అచ్చం కుసుమ గింజే. కొరికితేనే తేడా. కుసుమ కమ్మన, కలుపు చేదు. ఎవరి సంచిలో చేదు తగిలితే వాళ్ల చేను దివాణానికి జమ.

కొరికే పని ఒక ఆడమనిషిది. ఆమె నాలుకకి ఉప్పు తగలకూడదు, కారం తగలకూడదు, గట్టి మాట అసలే తగలకూడదు. కొలువులో ఆమెకున్నవి రెండే మాటలు: కమ్మన, చేదు. కొరికిన గింజని అందరి ముందూ తెల్లగుడ్డ మీద ఉమ్మాలి. "బంగారంలాంటి మనిషి" అని లోకం మెచ్చుకునేది. నోరు లేని ఆడదాన్ని మెచ్చుకోడానికి లోకానికి ఏం ఖర్చు?

ఆ ఏడు ఏటిగట్టు చేనుగల ఒంటరి ఆడది సంచి మోసుకొచ్చింది. ఆ చేను మీద దివాను కన్నుపడి చాలాకాలమైంది. తనే సంచిలో చెయ్యి పెట్టి కలియబెట్టి, ఒక గింజ తీసి అందించాడు.

"కానీవమ్మా, పొద్దెక్కుతోంది."

"ఒక్కో గింజా ఏరి తెచ్చానక్కా," అంది చేనుగలామె. "నా పిల్లల కూడు అది."

"అక్కలూ చెల్లెళ్లూ గుమ్మం బయట," అన్నాడు దివాను.

ఆమె కొరికింది. చేదు. గొంతు దాకా చేదు. తలెత్తేసరికి దివాను చొక్కా చేతిమడతలో తెల్లటి నూగు కనబడింది. గింజకి నూగు దులిపిన పెద్దమనిషికి చొక్కా దులుపుకోవాలని తోచలేదు.

ఉన్నమాట అంటే చేను పోతుంది. అబద్ధమాడితే ఉమ్మిన గింజ సరిచూడ్డానికి ఇంకొకరి నాలుకకి అందుతుంది. గద్దె మీద రాజూ, కొలువంతా చూస్తున్నారు.

"కమ్మన," అంది.

"ఉమ్ము!" దివాను తెల్లగుడ్డ ఆమె గడ్డం కిందికి తోశాడు. "ఉమ్మి చూపించు!"

ఆమె నోరు తెరిచింది. లోపల ఏమీ లేదు.

"మింగేశావుటే?"

"మింగాను." అది ఆమె మూడో మాట. అది దాటాక ఇంక గట్టు ఆగలేదు. "నీ చేతిమడతలో నూగు ఏ గింజదో, ముందు అది నువ్వు కక్కరా!"

దివాను చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. అప్పటికే అందరూ చూసేశారు, రాజుతో సహా.

చేను చేనుగలామెకే వదిలేశాడు రాజు. దివానుని ఏమీ అనలేదు. మంచి దివానులు దొరకొద్దూ! కొరికే మనిషిని మాత్రం బయటికి గెంటించి, "మరో మెత్తటి నాలుకని వెతికి తెండి" అన్నాడు.

ఆమె అన్న మాటకి ఆసరికే నూగు మొలిచింది. గాలివాటున కోటగోడ దాటి, ఇళ్ల పొగగూళ్లలోంచి లోపలికి దిగింది.

భటులు గడపగడపా తొక్కారు. "నోరు తెరువమ్మా," అన్నారు.

తెరిచిన ప్రతి నోట్లోనూ, నాలుక మీద, ముళ్ల నడుమ ఊదారంగు పువ్వు.