పగిలిన టీ కూజా

ఖుదాదాద్ ముసలాయన పేరెత్తితే చాలు, సోహ్రాబ్‌కి ఒళ్ళు మండిపోయేది.

అఫ్ఘానిస్తాన్ కొండల్లో ఒక చిన్న ఊరు. అక్కడి సూఫీ మఠంలో శిష్యుడు సోహ్రాబ్. ఊళ్ళో పేదలకి గోధుమపిండి పంచడం అతని పని. ఏళ్ళ తరబడి యుద్ధం నడుస్తోంది. పొలాల్లో మందుపాతరలు, బజార్లో సగం కొట్లకి తాళాలు. పిండి ఇస్తామంటే వద్దనేవాళ్ళెవరుంటారు? ఒక్క ఖుదాదాదే వద్దన్నాడు.

అతను పగిలిన పింగాణీ సామాను అతికేవాడు. చిన్న బరమాతో ముక్కలకి సన్నటి బెజ్జాలు వేసి, తీగతో కుట్టేవాడు. అతను కుట్టిన గిన్నెలో నీళ్ళు పోస్తే చుక్క కారదు. ఏం లాభం? ఇప్పుడంతా ప్లాస్టిక్ గిన్నెలు. పగిలితే పారేస్తున్నారు. కొడుకు యుద్ధంలో పోయాడు, కోడలు ఆ దిగులుతోనే పోయింది. ముగ్గురు మనవరాళ్ళు మిగిలారు. అందరికన్నా చిన్నది ఏడ్చే ఓపిక కూడా లేక పడుకునే ఉంటోంది.

సోహ్రాబ్ మూడుసార్లు పిండి మూట మోసుకెళ్ళాడు. ముసలాయన మూడుసార్లూ మర్యాదగానే తిప్పి పంపాడు. తనకి చేతులున్నాయనీ, లేనిది పనేననీ, ఈ మూట కాళ్ళూ చేతులూ లేనివాళ్ళకివ్వమనీ అన్నాడు.

సోహ్రాబ్ విసురుగా వచ్చి గురువు ముందు కూలబడ్డాడు.

"పసిపిల్ల ప్రాణం మీదికొస్తుంటే ఇంత రోషమేమిటి పీర్ సాహెబ్?"

పీర్ మురాద్ టీ తాగుతున్నాడు. ఆయన పెట్టుకున్న సుఖమల్లా ఆ టీ ఒక్కటే. దానికొక నీలిపూల పింగాణీ కూజా. అది పక్కన లేనిదే ఆయనకి తెల్లవారదు. శిష్యుడి గోడంతా విని, గ్లాసులో మిగిలింది తాగేసి, కూజాని శుభ్రంగా కడిగాడు. తర్వాత తీసుకెళ్ళి మెట్టు అంచుకేసి కొట్టాడు.

సోహ్రాబ్ గబగబా వంగి ముక్కలు ఏరాడు.

"ఖుదాదాద్‌తో అతికించుకురా. ఏం కూలి అడిగితే అది ఇయ్యి," అన్నాడు పీర్ మురాద్.

ఖుదాదాద్ ఆ ముక్కల్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. మూడు రోజులు పడుతుందన్నాడు. ఒక మూట పిండి కూలి, సగం ముందే ఇవ్వాలన్నాడు. ఆ సాయంత్రం ఆ ఇంట్లో రొట్టెలు కాలాయి. చిన్నది లేచి కూచుని తింది. అది చూసిన సోహ్రాబ్‌కి కళ్ళు చెమర్చాయి. ఓహో, కిటుకు ఇదన్నమాట అనుకుంటూ మఠం దారి పట్టాడు.

కూజా మఠానికి తిరిగొచ్చింది. పది రోజులకి ఖుదాదాద్ ఇంట్లో పిండి అయిపోయింది. పొయ్యి మళ్ళీ చల్లారింది.

కిటుకు తెలిసినవాడికి ఇంక అడ్డేముంది? మఠం సామాన్ల గదిలో మూల పడున్న ఆరు పింగాణీ గిన్నెలు తీశాడు. ఒక్కొక్కటీ రెండు ముక్కలు చేసి, గుడ్డలో కట్టుకుని హుషారుగా వెళ్ళాడు.

ఖుదాదాద్ ఒక ముక్క మీద వేలితో రాశాడు. వేలికి దుమ్ము అంటింది. గుడ్డ మళ్ళీ మూటకట్టి చేతిలో పెట్టేశాడు.

సోహ్రాబ్ ఉక్రోషం ఆపుకోలేకపోయాడు. పీర్ సాహెబ్ మాత్రం కూజాని కావాలని పగలగొట్టలేదా, అది ఎలా తీసుకున్నావని అడిగేశాడు.

"తెలుసు నాయనా. యాభై ఏళ్ళుగా పగుళ్ళే చూస్తున్నాను, నాకు తెలీదా?" అన్నాడు ఖుదాదాద్. "కానీ ఆయన మూడు రోజులూ టీ ముట్టలేదు. పొద్దున్నే తలనొప్పితో వచ్చి నా గడప మీద కూర్చునేవాడు. ఇంకా ఎంతసేపని విసుక్కునేవాడు. నా చేతి పని కోసం ఒక మనిషి ఎదురుచూసి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసా?"

సోహ్రాబ్ తల దించుకుని మఠానికి వచ్చాడు. ఆరు గిన్నెలు పగలగొట్టిన సంగతి ఒప్పుకున్నాడు. గురువు కోప్పడతాడనుకున్నాడు. కోప్పడలేదు.

"లోయలో కాల్పులు మొదలయ్యాయట," అన్నాడు పీర్ మురాద్. "అక్కడి కుటుంబాలు కట్టుబట్టలతో బయల్దేరాయి. రేపు మధ్యాహ్నానికి ఇక్కడుంటాయి. ఉన్న గిన్నెలు మనకే చాలవు. ఆ పిల్లలకి దేంట్లో పెడతావు?"

సోహ్రాబ్ చటుక్కున లేచాడు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి, మూట పట్టుకుని వచ్చిన దారినే పరుగెత్తాడు.

ఖుదాదాద్ గడప దగ్గరికి వచ్చేసరికి అతనికి ఊపిరి అందడం లేదు. లోయ నుంచి పిల్లలొస్తున్నారు కాకా, గిన్నెలు లేవు కాకా అన్నాడు. కూలి ఊసే అతని నోటికి రాలేదు. మూట ముందుకు చాపాడు.

ఈసారి ఖుదాదాద్ ముక్కల్ని చూడలేదు. అతని మొహం చూశాడు. మూట లాక్కుని ఒళ్ళో విప్పి, బరమా అందుకున్నాడు.

"రేపు మధ్యాహ్నానికి కావలసిన పని ఇప్పుడా తెచ్చేది?" అని కసిరాడు. "బుద్ధుందా నీకు? కూర్చో. ఆ ముక్క కదలకుండా పట్టుకో."

సోహ్రాబ్ కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఎవరైనా తనని తిట్టడం అదే మొదటిసారి. ముక్కని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.