సుడి దగ్గర బోర్డు

శిష్యులు ఏది అడిగినా జవాబు చెప్పకపోవడం ముక్తేశ్వరాచారిగారి అలవాటు. కుంచె చేతికిచ్చి "రాయి" అంటారు, అంతే. గోదావరి లంకల్లో బోర్డులు రాసేవాళ్లలో సగంమంది ఆయన చేత చీవాట్లు తిన్నవాళ్లే.

ఆయన శిష్యుడు నూకరాజుకు ఒక సందేహం పట్టుకుంది. ఇంగ్లీషులో మనిషి పేరు రాస్తే మొదటి అక్షరం పెద్దది వేస్తారు. మన తెలుగులో చీమకైనా చక్రవర్తికైనా ఒకటే కొలత. మరి పెద్దవాళ్లకు మర్యాద చూపించేదెలా అని అడిగాడు. ఆచారిగారు అలవాటు ప్రకారం కుంచె ఇచ్చి, షావుకారు గవర్రాజు పెట్టిస్తున్న బోర్డు రాయమని పొరుగూరు వెళ్లిపోయారు. ఏటిగట్టు కింద కొత్తగా సుడి పడింది. అక్కడ దిగవద్దని జనానికి చెప్పాలి.

నూకరాజు తన సందేహం తనే తీర్చేసుకున్నాడు. గవర్రాజుగారి పేరు బారెడు అక్షరాలతో ఎర్రగా రాసి, అడుగున మిగిలిన చోట్లో 'ఇక్కడ సుడి ఉంది, దిగవద్దు' అని ఇరికించాడు. షావుకారు ఉబ్బితబ్బిబ్బై వెంటనే పాతించేశాడు.

ఆచారిగారు తిరిగి రాగానే నూకరాజు ఆయన్ని బోర్డు చూపిద్దామని తీసుకెళ్లాడు. వీళ్లు గట్టెక్కేసరికి ఒకావిడ బిందె చంకనెట్టుకుని నీళ్లలోకి దిగుతోంది. ఆ వైపు ఏటి ఒడ్డున ఎవరి పేరైనా పెద్దగా కనిపించిందంటే, అది వాళ్లు కట్టించిన స్నానాల రేవని లెక్క. నూకరాజు "అమ్మా, ఆగు!" అని గొంతు చించుకుని అరుస్తూ పరిగెత్తి, జబ్బ పట్టుకుని ఒడ్డుకు లాగాడు. ఆవిడ చేజారిన బిందె సుడిలో గిర్రున తిరిగి మునిగిపోయింది. షావుకారుగారు రేవు కట్టించారనుకున్నాను నాయనా అంటూ ఆవిడ వెళ్లిపోయింది.

నూకరాజు బోర్డు ముందు నిలబడి లెక్కలు వేశాడు. పేరు చిన్నది చేస్తే షావుకారు ఊరుకోడు. అన్నీ పెద్దవి చేస్తే పలక చాలదు. పేరే తీసేద్దామంటే, పాపం, డబ్బు పెట్టినవాడాయె. చివరికి గురువుగారినే అడిగాడు.

"ఇంతకీ దేన్ని పెద్దగా రాయాలండీ?"

ఆచారిగారు బోర్డంతా సున్నం పూసేశారు. తరవాత ఆవిడ పేరేమిటని అడిగారు. తెలీదండి అన్నాడు నూకరాజు.

"పేరు తెలియకుండానే ఊరంతా వినబడేలా పిలిచావు కదరా," అంటూ కుంచె చేతికిచ్చారు ఆచారిగారు. "ఆ కేక రాయి."